భుజం మీద ప్రభువు

దగ్గరికి రా. ఇంకా జరుగు. నా గొంతు మునుపటిలా లేదు. ఈ కథకేమో ఆగి ఊపిరి తీసుకోవడం తెలీదు. కూర్చున్నావా? అయితే చూడు... మెట్లు!

కాలిపోయి ముందుగోడ ఒక్కటే మిగిలిన ఆ పాత చర్చి మెట్లు. మిట్ట మధ్యాహ్నం దాటింది. ఎండ.

దుల్సినా దిగుతోంది. రెండేసి మెట్లు. మూడేసి!

ఎడం చేతిలో విరిగిన పసుపు జెండా. కుడి పిడికిట్లో గోరంత మెమరీ కార్డు.

వెనకాల చియాంగ్. నల్ల చొక్కా. జేబులో చెయ్యి. ఆ చేతిలో ఏముందో ఆమెకి తెలుసు.

ఒక్క నిమిషం క్రితం వరకూ ఆమె గైడు. పదిహేడు మంది టూరిస్టులు, పదిహేడు పసుపు టోపీలు. గోడ మీది రాతి బొమ్మలు చూపిస్తూ వెనక్కి అడుగేసింది. కాలు జారింది. జెండా కర్ర మెట్టుకి కొట్టుకుని ఫట్‌మని పగిలింది. వెదురు కర్ర. ఆమె మొగుడు ఆబీలియో స్వయంగా చెక్కి ఇచ్చినది.

కర్ర బొంగులోంచి కార్డు రాలింది! బబుల్ గమ్ కాగితంలో చుట్టి ఉంది.

ఆబీలియో ఫొటోగ్రాఫర్. లైట్‌హౌస్ కొండ మీద టూరిస్టులకి ఫొటోలు తీసేవాడు. పదమూడు రోజుల క్రితం ఆ కొండ మెట్ల కింద శవమై దొరికాడు. పక్కన పగిలిన కెమెరా. లోపల కార్డు లేదు.

అదే వారం ఊరి పెద్ద చర్చిలో దంతపు బాల యేసు మాయమయ్యాడు. మూడొందల ఏళ్ల బొమ్మ.

ఊరు రెండూ కలిపేసింది. "ఆబీలియో దొంగ. సిగ్గుతో దూకాడు."

పోయిన మోతగాళ్లకి కప్పే ఊదా అంగీ కప్పకుండానే పాతిపెట్టారు. ఇరవై ఏళ్లు ప్రభువు విగ్రహాన్ని భుజాన మోసిన మనిషిని!

దుల్సినా ఏడవలేదు. మర్నాడు డ్యూటీకి వచ్చింది. గుడ్డు టార్టు తింటే తీపి తెలీలేదు. చెయ్యి కాలితే మంట తెలీలేదు. ఏ గుంపుని లెక్కపెట్టినా రోజూ ఒక తల ఎక్కువ వచ్చేది. అదీ పట్టలేదు.

ఆ ఎక్కువ తల చియాంగ్‌ది. కార్డు కోసం కాపు కాశాడు.

"ఆగు!"

ఆగలేదు. ఎండు మాంసం పలకలమ్మే సందులోకి దూరింది. దుకాణాల వాళ్లు కత్తెరలతో ముక్కలు కోసి జనం నోటికి అందిస్తున్నారు. "రుచి చూడక్కా! తేనె రాసింది!" తోసుకుంటూ పోయింది.

వెనకాల ధబధబమని అడుగులు. ఒకరివి కావు... బోలెడు!

తిరిగి చూసింది.

పదిహేడు పసుపు టోపీలు! పరుగు! రొప్పుతూ, బ్యాగులు ఊపుతూ!

టూరిస్టుకి నేర్పేది ఒక్కటే. జెండా ఎటు పోతే అటు పోవాలి. జెండా పరిగెత్తింది... వాళ్లూ పరిగెత్తారు!

సందు మూసుకుపోయింది. చియాంగ్ వెనక ఇరుక్కుపోయాడు.

"అమ్మాయ్! కాస్త నెమ్మదిగా! నాకు మోకాళ్ల నొప్పులు!" అరుస్తోంది తైవాన్ నుంచి వచ్చిన చువాంగ్ అత్త. డెబ్బై ఏళ్లు. గుంపులో అందరికన్నా ముందుంది!

మలుపులో ఫోక్ మామ దుకాణం. టూరిస్టుల మొహాలు కప్పుల మీద, తువ్వాళ్ల మీద పది నిమిషాల్లో అచ్చేసి ఇవ్వడం ఆయన పని. దుల్సినా విరిగిన జెండాని గుమ్మంలో గుచ్చింది. లోపలికి దూకింది.

జెండా ఆగింది. గుంపూ ఆగింది. గుమ్మం ముందు బుద్ధిగా లైను కట్టింది!

చియాంగ్ తోసుకొచ్చాడు. చువాంగ్ అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమయ్యా, కళ్లు నెత్తికెక్కాయా? ముందొచ్చింది మేము!"

"తప్పుకో ముసలీ!"

"ముసలా? మీ అమ్మ కంటే రెండేళ్లు చిన్నదాన్నే అయ్యుంటాను! వెనక్కి పో. లైన్లో రా!"

పదహారు గొంతులు వంత పాడాయి. "లైన్లో రా! లైన్లో రా!"

లోపల ఫోక్ మామ కార్డుని మిషన్లో పెట్టాడు. తెర వెలిగింది.

చర్చి వెనక తలుపు. సంకలో గుడ్డ చుట్టిన బొమ్మ. గుడ్డ జారి దంతపు పాదం బయటపడింది. పైన మొహం... స్పష్టంగా!

ఫోక్ మామ కళ్లద్దాలు తీశాడు. "అమ్మాయ్... ఇది లోబాతో దొర!"

లోబాతో. పాత సామాన్ల వ్యాపారి. గుడి పండగలకీ చర్చి పండగలకీ మొదటి చందా ఆయనదే. ఆబీలియో చనిపోయాక ఖాళీ అయిన మోత చోటు అడిగి మరీ తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఊరేగింపులో ఊదా అంగీ వేసుకుని సిలువ మోసే ప్రభువుని భుజాన పెట్టుకోబోతున్నాడు.

"అయితే మావారు ఈయన్నే కలవడానికి వెళ్లారన్నమాట ఆ రోజు," అంది దుల్సినా. "తప్పు చేసినవాడికి దిద్దుకునే గడువిచ్చి వస్తానన్నారు. ఎవరో చెప్పలేదు."

చేపల ధర చెప్పినట్టు చెప్పింది.

"పోలీసులకి ఇవ్వు తల్లీ!"

"దొంగ పెళ్లాం మాట. నాలుగ్గోడల మధ్య ఆయన ముందు నిలుస్తుందా మామా? ఊరంతా ఒకేసారి చూడాలి."

పది నిమిషాలు లోపలుంది. ఏం చేసిందో కాసేపు నా కొంగున ముడేసి ఉంచుకుంటాను.

వెనక తలుపులోంచి బయటపడింది. పెద్ద చర్చి గోపురం కనిపిస్తోంది. ఇంకో రెండొందల అడుగులు. నూట యాభై...

మెడ మీద చెయ్యి పడింది!

గోడకేసి కొట్టాడు చియాంగ్. కత్తి మొన పక్కటెముకల దగ్గర.

"కార్డు."

పిడికిలి విప్పింది.

"తెరిచి చూశావా?"

"దేంట్లో చూడను?"

"మరి దుకాణంలో అంతసేపు ఏం చేశావ్?"

"గైడుని. టూరిస్టుల్ని దుకాణానికి తోలితే కమీషన్. మొగుడు పోతే మాత్రం కడుపు ఊరుకుంటుందా?"

చియాంగ్ నవ్వాడు. నమ్మాడు. ఈ ఊళ్లో గైడు దుకాణం గడప తొక్కేది ఇంకెందుకు? కమీషన్‌కే!

కార్డుని రెండు ముక్కలు చేసి మురికి కాలవలో పడేశాడు. ఫోన్ తీశాడు. "అయిపోయింది దొరా. నిశ్చింతగా మోయండి."

ఆమెని వదిలేశాడు. పక్కటెముక దగ్గర రక్తం. ఆమెకి నొప్పి తెలీలేదు.

సాయంత్రం నాలుగు గంటలు.

గంట మోగింది. పెద్ద చర్చి ముందు చదరపు మైదానంలో ఇసక వేస్తే రాలని జనం. ఎనిమిది మంది ఊదా అంగీలవాళ్లు ప్రభువు పల్లకీని భుజాలకెత్తారు. బరువు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎనిమిది భుజాల్లో ఒక్కటి తప్పుకున్నా పల్లకీ ఒరిగిపోతుంది. అందుకే మా పెద్దలొక నియమం పెట్టారు. ఎత్తినవాడు కొండ మీది చిన్న చర్చి చేరేదాకా భుజం మార్చకూడదు. చావొచ్చినా సరే.

ముందు వరసలో కుడివైపు లోబాతో. కళ్లు మూసుకున్నాడు. పెదాల మీద ప్రార్థన.

మొదటి మజిలీ. ఊరేగింపు ఆగింది. వెరోనికా రావాలి.

ప్రభువు సిలువ మోస్తుంటే మొహం తుడిచిన ఇల్లాలు వెరోనికా. ఆ గుడ్డ మీద ప్రభువు మొహం అచ్చుపడిందంటారు. ప్రతి ఏడూ ఒకావిడ నల్ల ముసుగేసుకుని స్టూలెక్కి, పాడుతూ, చుట్టిన గుడ్డ విప్పి ఆ మొహం ఊరికి చూపిస్తుంది. పదకొండేళ్లుగా ఆ వెరోనికా మా దుల్సినాయే.

ఆ స్టూలు పట్టుకునేది నేను. అందుకే చెప్తున్నా, కళ్లారా చూశాను.

"దొంగ పెళ్లానికి ఈ పని ఏంటి?" జనంలో ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. స్టూలెక్కింది. నల్లగౌను పక్కన తడి... నా వేళ్లకి రక్తం అంటింది!

"దిగిపోవే పిల్లా!" అన్నాను.

"గట్టిగా పట్టుకో అవ్వా," అంది. అంతే.

పాట అందుకుంది. చదరం మూలమూలలకీ పాకింది ఆ గొంతు. పిట్ట కూడా కదల్లేదు.

గుడ్డ విప్పింది.

పైన పిన్నులతో గుచ్చిన ఇంకో గుడ్డ! ఫోక్ మామ అచ్చేసి ఇచ్చిన తువ్వాలు!

చర్చి వెనక తలుపు. దంతపు పాదం. మొహం.

లోబాతో!

చదరం మొత్తం ఒక్క ఊపిరి పీల్చింది.

పాట మాత్రం ఆగలేదు.

లోబాతో కళ్లు తెరిచాడు. ఎదురుగా తన మొహమే! ఒక అడుగు వెనక్కి పడింది. పల్లకీ ఒక వేలెడు ఒరిగింది. ప్రభువు ఊగాడు!

"అయ్యో!" అంది జనం.

పరిగెత్తలేడు. చెయ్యెత్తి మొహం దాచుకోలేడు. భుజం మీద ప్రభువు!

పక్కనున్న చేపల వ్యాపారి జసింతో తల తిప్పలేదు. పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"కదలకు. మోయి."

"నేను... నేను తోయమన్లేదు! కార్డు లాక్కోమన్నాను, అంతే! చియాంగే తోసేశాడు!"

ఏడుగురు మోతగాళ్లు విన్నారు. దారి చేస్తున్న పోలీసాయన విన్నాడు. వచ్చి లోబాతో పక్కన నిలబడ్డాడు. సంకెళ్లు తీయలేదు. తీసినా ఎక్కడ వేస్తాడు?

చదరం చివర కలకలం. చియాంగ్ పారిపోబోతున్నాడు. చుట్టూ పదిహేడు పసుపు టోపీలు!

"వీడే! లైను తప్పి దూరబోయినవాడు!" చువాంగ్ అత్త వాడి చొక్కా వదల్లేదు.

దుల్సినా పిన్నులు ఒక్కొక్కటే తీసింది. పై గుడ్డని మడిచి పోలీసాయనకి ఇచ్చింది. కింద ప్రభువు మొహం. దాన్ని జనానికి చూపించి, పాట ముగించి, దిగింది.

ఊరేగింపు కదిలింది.

ఇంకా ఆరు మజిలీలు. కొండ మీది చిన్న చర్చి దాకా. తన సంకెళ్ల దాకా తనే నడిచాడు లోబాతో, దేవుణ్ణి మోసుకుంటూ. రాళ్ల మీద చెప్పుల చప్పుడు, అంతే.

చిన్న చర్చి ముందు పల్లకీ దిగింది. అప్పుడు వేశారు సంకెళ్లు.

జసింతో తన ఊదా అంగీ విప్పి దుల్సినా చేతుల్లో పెట్టాడు. "రేపు వాడి సమాధి మీద కప్పు తల్లీ. తప్పు మాదే."

తీసుకుంది. బరువెంతో చూసినట్టు చేతుల్లో కాసేపు పట్టుకుంది. ఆ తర్వాత నావైపు తిరిగి, "అవ్వా, టూరిస్టుల్ని బస్సెక్కించాలి," అని పదిహేడు తలలూ లెక్కపెట్టుకుంది.

సరిపోయాయి.

నువ్వు ఇది గుర్తుంచుకో. నేను పోయాక నీ పిల్లలకి చెప్పు. ఆబీలియో దొంగ కాదని ముందు చెప్పు, మిగతాది తర్వాత. ఒక్కటి మాత్రం జాగ్రత్త. వినేవాళ్లు అడుగుతారు, "చివర్లో ఆమె ఏడ్చిందా?" అని. ఏడ్చిందని కలపకు.

ఏడవలేదు.