గోడ కింద చప్పుడు

ఆ ఏడు ఆషాఢ పౌర్ణమి నాడు జాలరుల ఊరైన మునగరేవులో ప్రతి ఇంటా ఉడికింది ఉప్పు వేసిన చింతచిగురు ఒక్కటే. కొత్తనీరు ఎర్రగా పొంగి, చేపలు ఎదురీదవలసిన రోజులవి. కానీ కొన్నేళ్ల కిందట ఎగువన మహారాజు ఏటికి అడ్డంగా రాతి తలుపున్న గోడ కట్టించి, దాని మీద ఒక రాక్షసుణ్ణి మంత్రంతో బంధించాడు. వాడు నీటిచక్రం తిప్పితే రాజధానిలో నూనె లేని దీపాలు వెలిగేవి. గోడకు పైన ఊళ్లు మునిగాయి. కింద ఏరు ఏటేటా సన్నగిల్లి, ఆ ఏడు పూర్తిగా ఎండిపోయింది. జాలరులు ఇసుకలో చెలమలు తవ్వి గుక్కెడు నీళ్లు తోడుకుంటున్నారు.

"పున్నమెల్లినా నీరు రాకపోతే ఊరొదిలేయాల" అన్నారు పెద్దలు.

ఆ మాట విన్న నూకాలు అనే పిల్ల, ఇంకిపోతున్న మడుగులో మిగిలిన ఒక్క గుడ్ల చేపను కుండలో పెట్టుకుని బయలుదేరింది. అది పై నీటిలో గుడ్లు పెడితేనే ఏటికి మళ్లీ చేపలు. తల్లి అప్పలకొండ చెలమలో ఊరిన దోసెడు నీళ్లూ ఆ కుండలోనే పోసింది. తాను తాగలేదు.

అడవిలో, చేపలు తిని బతికే నీటికుక్క ఒకటి ఎముకలు తేలి దారికి అడ్డం నిలిచింది.

"ఏటే గుంటా, కుండలో ఏటుంది?"

"చేప. గుడ్లతో ఉంది."

"తిండి చూసి ఎన్నాళ్లయిందో! ఇలాగిచ్చీ."

"తినీ. మరి ముందుముందేటి తింటావు?"

నీటికుక్క కుండలోకి మూతి పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నా మనసు మారకముందే బేగి ఎల్లిపో!" అని తల పక్కకు తిప్పుకుంది.

గోడ దగ్గర బండల మీద నూకాలు కాలు జారింది. కుండ పగిలి, చేప గోడ మొదట్లోని గుంటలో పడింది. పైకి ఎగిరింది. గోడకు కొట్టుకుని పడింది. మళ్లీ ఎగిరింది.

"ఎవర్రా గోడ కొడతన్నది?" పైనుంచి రాక్షసుడు గర్జించాడు. అతని ముఖం ఎగువకే ఉంది. మంత్రబలం వల్ల మెడ దిగువకు తిరగదు.

"చేప, మావా! పైకెల్లాలని తల బాదుకుంటంది."

రాక్షసుడి గొంతు తగ్గిపోయింది. "ఎన్ని ఏళ్లు విన్నాను ఈ చప్పుడు! రాళ్లు దొర్లతన్నాయని చెప్పాడే రాజు! ఉండు, తలుపు పీకేస్తాను!"

నూకాలు దిగువకు తిరిగి చూసింది. తల్లి ఇప్పుడు చెలమలోనే ఉంటుంది. ఊరంతా ఇసుకలోనే ఉంటుంది.

"వద్దు మావా! ఒక్కసారి వదిలితే మావోళ్లు కొట్టుకుపోతారు!"

"నాకటు కనబడదే. ఎంతెత్తాలో ఎలా తెలుస్తాది?"

నూకాలు గోడ మీదికి పాకి, దూరాన చెలమల దగ్గర చీమల్లా కనిపిస్తున్న ఊరివాళ్లను చూస్తూ నిలబడింది. "కాసింత... ఆగు. తడి చూసి అందరూ పైకెల్తన్నారు. అమ్మ ఇంకా గట్టెక్కనేదు. ఆగు మావా! ఆఁ, ఎక్కింది. ఇప్పుడెత్తు."

నీరు నిదానంగా ఇసుకను తడిపింది. చేప తలుపు కిందుగా ఎదురీది పైకి వెళ్లింది. రాక్షసుడు తన ఇష్టంతో చేసిన ఆ మొదటి పనితో మంత్రం తెగింది. అయినా అతను కదలలేదు. "నేను పోతే తలుపెవరు చూస్తారు?" అన్నాడు.

దీపాలు మసకబారగానే రాజు పరుగున వచ్చాడు. మంత్రం తెగినా అక్కడే నిలబడ్డ రాక్షసుణ్ణి చూసి కత్తి దించాడు.

"సగం దీపాలు చాలవా, రాజా?" అని అడిగింది నూకాలు.

రాజు తల వంచి ఏటి పెత్తనం ఆమెకే అప్పగించాడు. మునిగిన ఊళ్లు మాత్రం తేలలేదు. వాటి జనానికి తన వేటవనాన్ని పంచి ఇచ్చాడు.

చీకటి పడింది. దిగువ మడుగుల్లో అక్కడక్కడా బతికి ఉన్న చిన్న చేపలు కూడా ఒక్కొక్కటిగా పైకి చేరాయి.

"దించనా, అమ్మీ?"

"దించు మావా. అడుగున కాసింత సందు ఉంచు."

రాక్షసుడు రాతి తలుపును చప్పుడు కాకుండా దించాడు.