తిరిగొచ్చిన ఎక్స్‌రే

మధ్యాహ్నం. పేషెంట్లు లేరు. మా అక్క పనిచేసే ఎక్స్‌రే సెంటర్లో వేడెక్కిన మెషీన్ వాసన, స్పిరిట్ వాసన కలిసి గాలి బరువుగా ఉంది. ఇక్కడ తీసిన ఎక్స్‌రేలు పెద్దాసుపత్రి సర్వర్‌కి వాటంతటవే వెళ్లేలా ప్రోగ్రాం రాసిస్తానని నేనే పూనుకున్నాను. అందుకు ఫైళ్లు పంపే రెడీమేడ్ కోడ్, లైబ్రరీ అంటారు, ఒకటి దొరికింది. సెషన్, అంటే సర్వర్‌తో కనెక్షన్, మొదలుపెట్టాలంటే దానికి సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్ కీ చెప్పాలి. అవతల ఉన్నది మన సర్వరేనా, మరెవరైనానా అని తేల్చేది ఆ కీయే.

"కీ రేపు ఇస్తామన్నారుగా ఆసుపత్రివాళ్లు, అప్పటిదాకా ఆగరాదూ?" అంది అక్క లోపలి గదిలోంచి. పరీక్ష కోసం తన ఎడమచేతికే ఎక్స్‌రే తీసి నా కంప్యూటర్‌కి పంపింది.

"ఆగితే నేను నేనెందుకవుతానే?"

"అవున్లే. ఆలూ లేదు, చూలూ లేదు..."

ఏ కీ వచ్చినా ఒప్పుకొమ్మని ఒక్క లైను రాశాను. ప్రమాదం, ఇలా చేయకు అని లైబ్రరీయే హెచ్చరించింది. రన్ కొట్టాను.

సెషన్ తెరుచుకుంది.

అక్క ఎక్స్‌రే వెళ్లింది. రెండువైపులా ఫైళ్లు ఒకేలా ఉండాలని, అక్కడ మారితే ఇక్కడా మారాలని రాసి ఉంచాను. క్షణంలో అదే ఫైలు తిరిగొచ్చింది. సైజు చూశాను. పంపినదానికంటే కొన్ని బైట్లు ఎక్కువ.

తెరిచాను. చిటికెనవేలి ఎముక మధ్యకి విరిగి ఉంది.

లోపలి గదిలో టప్... ఎండుపుల్ల విరిచినట్టు.

అక్క కేక.

పరుగెత్తాను. వేలు వెనక్కి మడతపడింది. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చింది. టేబుల్ అంచునుంచి రక్తం కారుతోంది.

"ఎవరూ ముట్టుకోలేదురా... దానంతటదే..."

టప్. ఉంగరంవేలు. టప్. మధ్యవేలు.

కంప్యూటర్ దగ్గరికి ఉరికాను. సెషన్ మూసేశాను... మూసుకోలేదు. నెట్ కేబుల్ పీకేశాను. అయినా ఫైలు వచ్చింది. ఈసారి మణికట్టు రెండు ముక్కలు.

"ఆపరా... చచ్చిపోతాన్రా..."

ఫైలు డిలీట్ చేశాను.

కేకలు ఆగిపోయాయి.

వెళ్లి చూస్తే అక్క నేలమీద కూలబడి ఉంది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గరే అయిపోయింది. గాయం లేదు. పుట్టినప్పటినుంచీ అంతే అన్నట్టు నున్నటి చర్మం. టేబుల్ మీది రక్తం మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

కేబుల్ లేకపోయినా అవతలి సర్వర్ ఫోల్డర్ తెరుచుకుంది. అక్కడ ఫైలు ఉంది! దించుకుంటే చెయ్యి తిరిగొస్తుందేమో... ముందుగా బొమ్మ తెరిచి చూశాను.

విరిగిన ఎముకలన్నీ అతుక్కున్నాయి. వాటి సందుల్లో ఇంకెవరివో వేళ్లు... చాలా పొడవైనవి... గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి.

"ఒరేయ్..." అక్క గుసగుస. "నా చెయ్యి ఎవరో పట్టుకున్నార్రా."

"అక్కా, కదలకు..."

"నేను కదలట్లేదురా..."

కూర్చున్నది కూర్చున్నట్టే, అక్క కంప్యూటర్ వైపు జానెడు జరిగింది.