కొయ్యబారిన రాకుమారి, వానకన్నె పువ్వు

పూర్వం కుంభికానగరాన్ని చండకేతు అనే రాజు ఏలేవాడు. ఆయన కోపానికి వేళాపాళా ఉండేది కాదు. ఒకసారి ఆయన వెంట వేటకు వెళ్ళిన కూతురు హేమలేఖ, వాన విడవని అడవిలో వానకన్నె పువ్వు కోసి జడలో తురుముకుంది. కోట చేరేసరికి ఆమె నిలువునా కొయ్యబారింది. ఒళ్ళంతా చెట్టు బెరడే. "ఆ మొక్క మీ నగరంలో పూస్తే అమ్మాయి మళ్ళీ మనిషవుతుంది," అని చెప్పిన ఒక ముని, రాజు ముఖంలో కోపం చూసి కానుకలకైనా ఆగకుండా వెళ్ళిపోయాడు.

తోటమాలులు అడవి నుంచి మొక్కలు తెచ్చారు. మల్లెకూ బంతికీ చేసినట్టే గొయ్యి తవ్వి, పెంట వేసి, బిందెలతో నీళ్ళు పోశారు. పాపం, అంత ప్రేమగా పెంచబట్టే ప్రతి మొక్కా కుళ్ళిపోయింది. మొక్క కుళ్ళిన గోతిలోనే రాజు ఆ మాలిని మెడదాకా పాతించి చంపేవాడు.

చివరికి తోటమాలి బొల్లయ్య వంతు వచ్చింది. అతని కూతురు వీరక్క రాజు కాళ్ళ మీద పడింది.

"మా అయ్యను వదలండి దొరా. పూసే మొక్క నేను తెస్తాను."

"తీసుకురా పో. అందాకా మీ అయ్యను గోతిలోనే ఉంచి, మొక్కకు పోసినట్టు చెంబెడు నీళ్ళు పోయిస్తుంటాను. నువ్వు ఆలస్యం చేస్తే వాడూ కుళ్ళుతాడు," అని రాజు పకపకా నవ్వాడు.

వీరక్క పరుగున బయలుదేరింది. అడవిలో జలగలు పాదాలు పీల్చాయి, ముళ్ళతీగలు ఒళ్ళు చీల్చాయి. వానకన్నె మొక్కల నడుమ పెంజడ అనే రాక్షసి కొమ్మ మీద కూర్చుని ఉంది.

"మొక్క ఇస్తానే పిల్లా! దీన్నెలా పెంచుతావో చెప్పు. తప్పు చెబితే వేలు తింటా."

"నల్లమట్టిలో నాటుతాను," అంది వీరక్క. రాక్షసి ఆమె చిటికెన వేలు కటుక్కున కొరికింది.

"కాదు కాదు, కుండలో గులకరాళ్ళు పోసి, నీళ్ళు నిలవగడతాను."

ఉంగరపు వేలూ పోయింది. నొప్పికి వీరక్క నేల మీద పొర్లి ఏడ్చింది. పారిపోదామనుకుంది. కానీ తండ్రి గోతిలో ఉన్నాడే! అలా వెల్లకిలా పడి ఏడుస్తూనే పైకి చూసింది. నేల మీద ఒక్క మొక్కా లేదు, అన్నీ కొమ్మల మీదే ఉన్నాయి. తెల్లని వేళ్ళు బెరడును పట్టుకుని గాలిలో వేలాడుతున్నాయి. వానకు తడుస్తున్నాయి, గాలికి ఆరుతున్నాయి. ఎండ ఆకుల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు పడుతోంది.

"మట్టే పెట్టను! బెరడుకు కొబ్బరిపీచుతో కట్టి, నీడపట్టున ఉంచి నీళ్ళు చిలకరిస్తాను. వేళ్ళు ఆరాకే మళ్ళీ చిలకరిస్తాను."

"అయ్యో, ఇంకో వేలు దక్కుతుందనుకున్నానే!" అంటూ రాక్షసి మొక్క ఇచ్చింది. "దీని పువ్వు కోసినవాళ్ళు కొయ్యైపోతారు, ఈ అడవి బయట కోస్తే ఆ క్షణమే. గుర్తుంచుకో."

వీరక్క తిరిగి వచ్చేసరికి తండ్రి కళ్ళు లోతుకు పోయాయి, పిలిస్తే పలకలేకపోయాడు. రాజు తోటలో చూస్తే ఒక్క చెట్టూ లేదు. పూలపాదులకు అడ్డమని అన్నీ ఎప్పుడో కొట్టించాడు. నగరంలో బెరడున్నది రాకుమారి ఒంటికే. వీరక్క ఆమె భుజానికే మొక్కను కట్టింది. రాక్షసి మొక్క గనుక త్వరగానే వేళ్ళు పట్టి, మొగ్గ తొడిగి, పూసింది. పెళపెళా బెరడు రాలిపోయింది. పూసిన మొక్క బెరడు ముక్కతో సహా వీరక్క చేతుల్లో పడింది.

"నాన్నగారూ, ముందు గోతిలో ఉన్న మనిషిని తీయించండి!" అని అరిచింది హేమలేఖ.

"వాడితో ఇక పనేముంది? ఆ గొయ్యి పూడ్చేయండి," అంటూ రాజు, కూతురు బాగైంది గనుక ఇక భయం లేదనుకుని, కిరీటంలో పెట్టుకోవడానికి పువ్వు మీద చెయ్యి వేశాడు.

వద్దని చెప్పాలని వీరక్క నోరు తెరిచింది. గోతి దగ్గర భటులు పారలెత్తడం చూసింది. నోరు మూసుకుంది. రాజు పువ్వు తుంచాడు, తుంచినచోటే కొయ్యబారిపోయాడు.

హేమలేఖ రాణి అయింది, వీరక్కను మంత్రిని చేసుకుంది. బొల్లయ్య బతికాడు గాని కాళ్ళు మళ్ళీ నిలబడలేదు. అతనే కొయ్యబారిన రాజు ఒంటి నిండా వానకన్నె మొక్కలు కట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. నీళ్ళు చాలక మొక్కలు పూయకుండానే వాడిపోయేవి, అందుకే రాజు కొయ్యగానే ఉండిపోయేవాడు. ఏమిటయ్యా, మొక్కలకు కట్టిన కొబ్బరిపీచు ఎండిపోతోంది, కాస్త నీళ్ళు చిలకరించవా అని ఎవరైనా అడిగితే, బొల్లయ్య చెంబు ఒళ్ళో పెట్టుకుని తాపీగా అనేవాడు:

"ఆరనీ. దొరగారికి తొందరేముంది?"