నడుస్తున్న వెర్షన్

పొద్దున ఏడింటికి గ్యాస్ ప్లాంటు స్క్రీన్ల మెకానిక్‌ను లిఫ్టులో చంపేశారు. పిడికిలి విప్పితే చిన్న చీటీ: "అంకెలు అబద్ధం."

ఎనిమిదింటికి పెద్దాయన తన ఏజెంటును పిలిపించాడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని ముంగిస అంటారు.

"గ్యాస్ ప్లాంటు. పన్నెండు ట్యాంకులు. విదేశీ ముఠా కంట్రోల్ రూమ్ డిస్‌ప్లే సర్వర్‌లోకి దూరింది. స్క్రీన్ మీద బొమ్మ గీసే ప్రోగ్రామ్ అదే. ఏదో ట్యాంకులో ప్రెషర్ పెరుగుతోంది. పదకొండుకి పేలుతుంది. ఏ ట్యాంకో స్క్రీన్ చెప్పదు. మిగులు గ్యాస్ కాల్చే మంటల గొట్టం ఒకసారికి ఒక్క ట్యాంకుకే చాలుతుంది."

"ట్యాంకుల మీద గేజీలు?"

"స్క్రీనుండగా అవెందుకని పీకేశారు."

"సర్వర్ ఆపేస్తే?"

"ఆగిన క్షణం పన్నెండు వాల్వులూ తెరుచుకుని గ్యాస్ ఊరి మీద పడేలా ముడేశారు. ఈ స్క్రూడ్రైవర్ పిడిలో ముఠా మాయను తుడిచేసే రెండు ప్యాచ్‌లున్నాయి. పాత వెర్షన్‌కొకటి, కొత్తదానికొకటి. తప్పుది ఎక్కిస్తే సర్వర్ చస్తుంది, వెనకాలే ఊరు. వెర్షన్ నెమలి చెబుతుంది."

నెమలి మూడేళ్లుగా ముఠాలో వీళ్ల మనిషి. ప్లాంటులో ఇంజనీరు వేషం.

పదీ నలభైకి ముంగిస ఏసీ మెకానిక్‌గా కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. ముసలి సూపర్‌వైజర్ కిటికీలోంచి యార్డు కేసి చూస్తున్నాడు. పన్నెండో ట్యాంకు నిచ్చెన మీద పసుపు హెల్మెట్.

"మా అమ్మాయే. వాల్వులకి గ్రీజు పెడుతోంది," అన్నాడు గర్వంగా.

నెమలి నవ్వుతూ పక్కకొచ్చింది. అత్తరు గుప్పుమంది. "కొత్త వెర్షన్. పోయిన నెల నేనే ఎక్కించా. కావాలంటే ఫైల్ చూసుకో."

చూశాడు. కొత్తదే. స్క్రూడ్రైవర్ పిడిని సర్వర్‌కి తగిలించాడు. వేలు మీట దాకా వెళ్లింది కానీ మనసు ఒప్పుకోలేదు.

"బాబాయ్, ఈ సర్వర్ ఆఖరుసారి ఎప్పుడు ఆపారు?"

"ఆపడమా! రెండేళ్లయింది నాయనా. నడిచే బండికి అడ్డం పడ్డమెందుకని ముట్టుకోం."

ముంగిస వేలు వెనక్కి తీశాడు. గాదెలో కొత్త వడ్లు పోసినంత మాత్రాన పొయ్యి మీద ఉడికేది కొత్త బియ్యం కాదు. ఆపి మళ్లీ మొదలెడితే తప్ప సర్వర్ కొత్త ఫైల్‌ను అందుకోదు. ఫైల్‌ను వదిలేసి, నడుస్తున్న సర్వర్‌నే నీ వెర్షనేదని అడిగాడు. ఒక్క లైను కమాండ్.

జవాబొచ్చింది. పాతది.

నెమలి చెయ్యి బ్యాగులోకి పోయింది. "నీకు ఒక్క అబద్ధమైనా చెప్పానా?"

"లేదు. నిజంతోనే చంపబోయావు."

టూల్‌బాక్స్ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు. పిస్టల్ బల్ల కిందికి జారింది.

పదీ యాభై ఎనిమిది. పాత ప్యాచ్ ఎక్కించాడు. స్క్రీన్ ఒక్కసారి వణికింది. పదకొండు ట్యాంకులు పచ్చగా ఉన్నాయి. పన్నెండోది నెత్తురులా ఎర్రగా ఉంది.

ముసలాయన గావుకేక పెట్టి ఆ ట్యాంకు ప్రెషర్ వదిలే రిలీఫ్ మీట మీద పడ్డాడు. గ్యాస్ మంటల గొట్టంలోకి బుసకొడుతూ మళ్లింది. అంకె మెల్లగా దిగింది. నిచ్చెన మీద పసుపు హెల్మెట్ ఇటు తిరిగి, ఏమైందన్నట్టు చెయ్యూపింది. తండ్రి నేల మీద కూలబడి ఏడ్చాడు.

నెమలికి బేడీలు పడ్డాక ముంగిస అన్నాడు. "ముడి తెగిపోయింది బాబాయ్. ఇప్పుడైనా సర్వర్ రీస్టార్ట్ చెయ్యండి."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "చేస్తా నాయనా. ముందు పైవాళ్ల సంతకం తెచ్చిపెట్టు."