వీపున పెట్టని గొట్టం

దగ్గరకి జరగండర్రా. ఆ చాప మీద చోటుంది, కూర్చోండి. ఇది నేను బడిలో ఎప్పుడూ చెప్పని కథ.

రెండువేల ఆరు. సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది. మన రూబెన్ చెరువూ అందులోనే పోయింది. ఆ వేసవిలోనే అతనికి కిడ్నీలో రాయి అడ్డంపడి, మూత్రం నిలిచి, చీము పట్టింది. మంచం కిర్రుకిర్రుమనేంత చలిజ్వరం. నేనూ, అతని భార్య పెర్సిస్సూ ఏలూరు తీసుకెళ్ళాం.

డాక్టరుగారు రెండు దారులు చెప్పారు. వీపులోంచి సూదితో గొట్టం వేసి చీము సంచిలోకి దించడం ఒకటి. అది అప్పటికప్పుడు చేసేస్తారు. మూత్రం వచ్చే దారినే లోపలికి సన్నగొట్టం పంపడం రెండోది. దానికి మత్తు డాక్టరు తాడేపల్లిగూడెం నుంచి రావాలి.

"రెండూ మంచివేనండి. ఆలస్యమే మంచిది కాదు," అన్నారు.

"నాకర్థమయ్యేలా చెప్పండి మేస్టారూ," అన్నాడు రూబెన్.

నాకు పోలికల పిచ్చి కదా. "మొదటిది గట్టుకి గండి కొట్టడం. రెండోది తూము తెరవడం," అన్నాను.

అతని మొహం మాడిపోయింది. "నా గట్టుకి ఒక గండి చూశానండీ... చాలు. తూమే తెరవమనండి."

తప్పు చెప్పానని అప్పుడే తెలిసింది. కానీ పెర్సిస్, "ఎంత బాగా చెప్పారండీ!" అంది. ఆ మెప్పుకి నోరు మూసుకున్నాను.

మునిమాపయినా మత్తు డాక్టరు రాలేదు. వరండాలో ఫినాయిల్ వాసన. లైట్లు ఇంకా వెయ్యలేదు. బల్ల మీద నా పక్కన ఎవరో కూర్చున్నారు. రూబెనే... వణుకు లేదు. తగిలిన చెయ్యి చల్లగా ఉంది.

"మేస్టారూ," గుసగుసగా అన్నాడు. "నిజం చెప్పండి. ఏది మేలండీ?"

"ఏది ముందయితే అదేరా... వీపులోంచే... ఇప్పుడే..."

"మరి పొద్దున చెప్పలేదేమండీ?"

తల తిప్పాను. ఎవరూ లేరు. లోపల్నించి పెర్సిస్ కేక...

మర్నాడు ఇంటి దగ్గర శవానికి స్నానం చేయిస్తుంటే చూశాం. వీపున, కుడిపక్క, చిన్న రంధ్రం. ఫోను చేస్తే, "మేం అక్కడ సూదే తాకించలేదండీ," అన్నారు డాక్టరుగారు.

పెర్సిస్ గుడ్డ అద్దింది. చీముతో తడిసిపోయింది. ఇంకోటి అద్దింది. పెట్టె మూసేదాకా అది కారుతూనే ఉంది... వెచ్చగా.

ఇక లేవండి. ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. మీ ఇంట్లో ఎవరికన్నా చలిజ్వరమొస్తే, నన్ను అడగడానికి మాత్రం రాకండి.