కొత్త చిప్ వచ్చేదాకా

ఆ ఇంట్లో కూతురు తండ్రికి పెట్టిన పేరు ఆగుదాం గారు. ఫ్యాను పాడైతే ఆగుదాం, గోడలకి రంగు వేయిద్దామంటే ఆగుదాం. ఆఫీసులో అందరికీ కంప్యూటర్లు కొనిపెట్టే ఉద్యోగం ఆయనది. ఏ వస్తువు కొన్నా, మర్నాడే దాన్ని తలదన్నేది బజారులోకి దిగుతుందన్న భయం ఆయన్ని ఏళ్ల తరబడి పట్టి పీడిస్తోంది. ఒక్క పెళ్లి విషయంలోనే ఈయన ఆగలేదని భార్య ఆటపట్టించేది.

ఆ ఉదయం కూడా ఆయన ఫోన్లో ప్రాసెసర్ల కబుర్లు చదువుకుంటూ కాఫీ కోసం చెయ్యి చాపాడు. ఆవిడ కప్పు అంచు లోపల వేలు ఆనించి, మెల్లగా పోస్తోంది.

"మళ్లీ వేలు పెడుతున్నావు. ఈ మధ్య ఇదేం అలవాటు నీకు?" అని విసుక్కున్నాడు.

"ఒలికిపోకుండా," అని ఆవిడ నవ్వేసింది. "కొత్త లాప్‌టాప్ ఇవాళే కదా వచ్చేది?"

"ఇవాళే. చూస్తూ ఉండు, దీని ముందు పాతది ఎడ్లబండి."

కూతురు ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి ఊరుకుంది. పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆవిడ ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేది. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ కత్తిరించి అతికించింది గానీ, కూతురు పుట్టినప్పటి నుంచి తాను తీసిన వీడియోలను మాత్రం ముట్టుకునే తీరిక దొరకలేదు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోందని కంటి డాక్టరు చెప్పాక ఉద్యోగం మానేసింది. కళ్లున్నప్పుడే ఆ ఒక్క సినిమా చేసుకుంటానంది. పాత లాప్‌టాప్ ఆ వీడియోలు తెరవగానే బిగుసుకుపోయేది.

కొత్తది కొందామని అడిగితే ఆయన, "ఇంకో చిప్ వస్తోంది, ఆగుదాం," అన్నాడు. అది వచ్చింది. దాని తర్వాతది ఇంకా వేగమని తెలిసి మళ్లీ ఆగమన్నాడు. పిసినారితనం కాదు పాపం. భార్య చేసుకునే ఆ ఒక్క సినిమాకి అన్నిటికంటే మంచిదే ఉండాలని ఆయన ఆరాటం. చూపు పూర్తిగా పోవడానికి చాలా ఏళ్లు పట్టొచ్చు, పట్టకపోనూవచ్చు అని డాక్టరు అంటే, ఆయన చెవికి మొదటి సగమే ఎక్కింది.

మధ్యాహ్నం పెట్టె వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా హడావిడి పడుతూ విప్పాడు. భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టి, మీట నొక్కాడు.

"ఎలా ఉంది?"

"అబ్బ, రంగులు ఎంత బావున్నాయో," అంది ఆవిడ.

"అప్పుడే రంగులెక్కడివే..." అని నవ్వబోయి ఆగిపోయాడు. తెర ఇంకా నల్లగానే ఉంది. మధ్యలో చిన్న తెల్లటి చక్రం తిరుగుతోంది, అంతే. ఆవిడ ముఖం తెరకి కాస్త పక్కగా తిరిగి ఉంది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

"నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కాఫీ ఎంతవరకు వచ్చిందో తెలియకే వేలు పెడుతుంది. నువ్వేమో రోజూ కసురుతావు."

"నాకు ఒక్క మాట చెబితే ఆ రోజే కొనేవాణ్ణి కదమ్మా."

"అడిగింది కదా నాన్నా. అడిగిన ప్రతిసారీ ఆగమన్నావు. తనేమో, కంప్యూటర్ల సంగతి నాన్నకే తెలుసు, మనకెందుకు అంది. నువ్వు ఫోన్లోంచి తలెత్తి ఒక్కసారి అమ్మ కళ్లలోకి చూసుంటే, ఎవరూ చెప్పక్కర్లేకపోయేది."

"దాన్నేమీ అనకండి," అంది ఆవిడ, ఆయన చెయ్యి కోసం తడుముకుంటూ. "మీరు రోజూ అంత ఇష్టంగా చదివేది నాకోసమే కదా. ఎలా చెప్పమంటారు? ఇంకా కాస్త వెలుతురుందండీ. కిటికీ ఎటుందో తెలుస్తోంది."

ఆ మాటతో ఆయన గుండె చెరువైపోయింది. నేల మీద కూలబడి, భార్య ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మంచిది తెస్తాను, మంచిది తెస్తాను అంటూ, మంచి రోజులన్నీ తన చేతులతోనే పోగొట్టాడు. ఈ నష్టానికి తర్వాతి మోడల్ రాదు.

ఆవిడ కూడా ఏడ్చింది. తర్వాత చీర చెంగుతో ఇద్దరి ముఖాలూ తుడిచింది.

"లేవండి. వీడియోలు పెట్టండి. మీరు చూసి చెప్పండి, ఎక్కడ కత్తిరించాలో నేను చెబుతాను."

మొదటి వీడియో రెప్పపాటులో తెరుచుకుంది. అందులోంచి ఎన్నో ఏళ్ల కిందటి ఆవిడ గొంతు, "రా తల్లీ, నా దగ్గరికి రా," అని పిలుస్తోంది.

"పాప పచ్చ గౌను వేసుకుంది," అని చెప్పడం మొదలుపెట్టాడు. "ఒక కాలికి జోడు లేదు. పడుతూ లేస్తూ వస్తోంది. నువ్వూ ఉన్నావు ఇందులో."

"కెమెరా నా చేతిలో ఉంటే నేనెలా ఉంటాను?"

"నీ నీడ. నేల మీద పొడుగ్గా పడింది. పాప నడుచుకుంటూ వచ్చి దాని మీద కూర్చుంది."

"అయ్యో, నీడ పడిందా? అది తప్పు. స్టూడియోలో అయితే అక్కడికి కత్తిరించేసేవాళ్లం."

"కత్తిరించనా?"

కూతురు వచ్చి వెనక నుంచి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఉంచండి," అంది ఆవిడ. కాసేపటికి మళ్లీ తనే, "మీ గొంతు బొంగురుపోయింది. కాస్త ఆగుదామా?" అని అడిగింది.

"వద్దు," అన్నాడు ఆయన, తర్వాతి వీడియో తెరుస్తూ. "ఇంక ఆగొద్దు."