రెండో సీసా

"పచ్చడి సీసా మీద ఈ-మెయిల్ ఎందుకండి? తిన్నవాళ్ళు కారం ఎక్కువైందని తిడుతూ రాయడానికా?"

శ్యామ్ ఆ మాట నవ్వుతూనే అన్నాడు. తెనాలి బోసు రోడ్డు పక్క సందులో వాళ్ళ నాన్న పెట్టిన ప్రెస్సు అది. శుభలేఖలు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్తే మరో నలుగురిని పంపిస్తారన్నది వాళ్ళ నాన్న సూత్రం. కొడుకు ఆ సూత్రాన్ని కాస్త అతిగానే పాటిస్తున్నాడు.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి నవ్వలేదు. భుజానికున్న సంచి దించి బల్ల మీద పెట్టింది. ఆరబెట్టిన శుభలేఖల్లోంచి ఒకటి తీసి కింద చివరి లైను మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మీ ప్రెస్సు పేరు వేసుకున్నారు. పెళ్ళి మీది కాదు కదండి?"

"ఎవరు అచ్చువేశారో తెలియాలి కదండి."

"మా ఈ-మెయిలూ అందుకేనండి."

శ్యామ్ నవ్వు ఆపి ఆమెకి కుర్చీ జరిపాడు.

ఆ అమ్మాయి పేరు రూతు. రేపల్లెలో వాళ్ళమ్మ రాజమ్మ నిమ్మకాయ పచ్చడి పెట్టి సీసాల్లో అమ్ముతుంది. నిమ్మకాయలు తెనాలి మార్కెట్‌ యార్డులోవే. వాటి కోసం రూతు రేపల్లె ప్యాసింజర్లో వచ్చి వెళ్తూ ఉంటుంది. డిగ్రీ అయ్యాక రేపల్లెలో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ చూడటం నేర్చుకుంది. ఆమె ఆలోచన ఏంటంటే, వాళ్ళ సీసాలు బంధువుల సంచుల్లో పడి హైదరాబాదు, బెంగుళూరు దాకా పోతున్నాయి. తినేవాళ్ళెవరో వీళ్ళకు తెలియదు. మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకు తెలియదు. వాళ్ళ వంటింట్లోకి వెళ్ళేది సీసా ఒక్కటే కాబట్టి కబురు కూడా దానితోనే పంపాలి. ఆ అడ్రసుకి మెయిల్ రాసినవాళ్ళకు నెలకోసారి ఆమె ఒక ఉత్తరం పంపుతుంది. ఒక వంట, నిమ్మకాయల సంగతులు, కొత్త పచ్చడి ఎప్పుడు వస్తుందో ఆ కబురు.

ఇదంతా ఆమె గొంతు పెంచకుండా, తొందరపడకుండా చెప్పింది. శ్యామ్ విన్నాడు. విన్నదానికంటే ఎక్కువసేపు చూశాడు.

ఆ ఈ-మెయిల్ సంగతి మూత మీద వేద్దామన్న సలహా అతనిదే. రాజమ్మగారు జాడీకి వాసెన కట్టినట్టు సీసా మూత మీద ఒక కాగితం కప్పి దారంతో కట్టేది. చూడగానే కనబడేది అదే కదా అని, దాని మీద నిమ్మచెట్టు బొమ్మ, కింద ఈ-మెయిల్ ముచ్చటగా వేసిచ్చాడు.

నెల తిరిగింది. మెయిల్ ఒక్కటే వచ్చింది. 'అయ్యా, మీ పచ్చడి అమోఘం. ఇట్లు, తెనాలి నుంచి ఒక అభిమాని.'

"అది రాసింది మీరేనా?" అంది రూతు ప్రెస్సుకొచ్చి.

"ఎలా కనిపెట్టారండి?"

"పచ్చడి పెట్టేది మా అమ్మ. ముందర అయ్యా అని రాశారు. పైగా మీరు పచ్చడి తినరు."

అది నిజమే. శ్యామ్ కారం తినలేడు. క్యారియర్లో ఉప్మా వచ్చినా పచ్చిమిరపకాయ ముక్కలన్నీ ఏరి మూత మీద పేర్చేవాడు. ఆ అమ్మాయి అది ఎప్పుడు చూసిందా అని ఆలోచిస్తూ అతను తలొంచుకున్నాడు.

మూత మీద కాగితాన్ని ఎవరూ చదవడం లేదని రూతు చెప్పింది. ఇంటికి తీసుకెళ్ళగానే దారం తెంపి, ఆ కాగితంతోనే సీసాకి అంటిన నూనె తుడిచి పారేస్తున్నారు. ఇరుగుపొరుగు ఇళ్ళలో చూసొచ్చిందట. ఇంకొకటి కూడా చూసింది. పచ్చడి సగమయ్యాక ప్రతివాళ్ళూ సీసాని వెలుతురుకు ఎత్తిపట్టుకుని ఎంత మిగిలిందో చూసుకుంటారు. సీసా వంక శ్రద్ధగా చూసేది ఆ ఒక్కసారే.

"అప్పుడు కనిపించాలండి మన మాట. లేబుల్ వెనకవైపు వెయ్యండి, గాజు వైపు. పచ్చడి నిండుగా ఉన్నంతకాలం కనపడదు. తగ్గేకొద్దీ అవతలివైపు నుంచి కనపడుతుంది. అప్పటికి పచ్చడి నచ్చి ఉంటుంది కాబట్టి రాస్తారు."

శ్యామ్ కొత్త లేబుల్ రెండువైపులా అచ్చువేశాడు. బంక చివర్లకే రాసి సీసా చుట్టూ తిప్పి అతికించాలి. లోపలివైపు మాట రూతే రాసిచ్చింది. 'ఇంతదాకా తిన్నారంటే మీకు నచ్చినట్టే. మిగతా కబుర్లకు ఈ అడ్రసుకి మెయిల్ రాయండి.'

ఈసారి రాశారు. మొదట విజయవాడ నుంచి ఒక నర్సమ్మ, తర్వాత బెంగుళూరు హాస్టల్ కుర్రాళ్ళు, ఆపైన ఎవరెవరో. రూతు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపే నెల ఉత్తరం కోసం వాళ్ళంతా ఎదురుచూడసాగారు. అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది మాత్రం తెనాలి అభిమానే. మజ్జిగ పులుసు చెయ్యడం ఎలాగో అతను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రెండుసార్లు చదువుకునేవాడు.

లేబుళ్ళ కోసం రూతు తెనాలి రావడం, ఆ రోజు ప్రెస్సులో మిషను ఎందుకో నెమ్మదించడం మామూలైంది. అచ్చు ఆరాలని శ్యామ్ అనేవాడు. పోయినసారి ఇంతసేపు ఆరలేదే అని రూతు అనేది. తేమ ఎక్కువగా ఉందండి అని ఎండలోకి చూస్తూ చెప్పేవాడు. ఆమె ఆ ఎండను చూసి, అతన్ని చూసి, బల్ల మీద కూర్చునేది.

నిజంగానే తేమగా ఉన్న రోజు ఒకటి వచ్చింది. కార్తీకంలో పట్టిన ముసురు. రూతు గొడుగు గుమ్మంలో ఆనించి, మాటల మధ్య, రేపల్లెలోనే కొత్త ప్రెస్సు తెరిచారని చెప్పింది. నాలుగు రంగుల మిషనట. ఇక్కడిదాకా రావడం దేనికని అమ్మ అంటోందట.

"మీరేమన్నారు?" అన్నాడు శ్యామ్.

"నాలుగు రంగులు బాగానే ఉంటాయి కదండి అన్నాను."

చూరు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రోజూ వందమందితో వాగే మనిషికి, 'మీరు రాకపోతే నాకు తోచదు' అన్న చిన్న మాట గొంతు దాటలేదు. రైలు టైమైందని ఆమె లేచింది. వెళ్తూ వెళ్తూ, ఈసారి లేబుళ్ళు తొందరగా కావాలని, పచ్చడి కొత్త వాయి మొదలైందని చెప్పింది.

"మొదటి సీసా నాకు అమ్ముతారా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"మొదటి సీసా మేం ఎవరికీ అమ్మమండి."

అమ్మరంటే ఇంట్లో వాడుకుంటారన్నమాట. శ్యామ్ అదే అనుకున్నాడు. ఆ వారమంతా ఆలోచించి ఒకే ఒక్క లేబుల్‌కి వెనక మాట మార్చి అచ్చువేశాడు. 'ఇంతదాకా వచ్చారంటే నేను కూడా నచ్చినట్టేనా? జవాబు ఇదే అడ్రసుకి. ఇట్లు, ప్రెస్సు శ్యామ్.' రూతు కట్ట పైనుంచి మొదలుపెట్టి వరసగా అతికిస్తుందని అతనికి తెలుసు. అందుకని ఆ లేబుల్‌ని అందరికంటే పైన పెట్టి, కనపడేవైపు పైకి ఉండేలా కట్టకట్టాడు. ఆమె వచ్చి కట్ట తీసుకుని, దారం బిగువు చూసుకుని, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతనికి రోజులు గడవడం కష్టమైంది. నిమ్మకాయలకని ఆమె తెనాలి వచ్చినప్పుడల్లా పచ్చడి తింటున్నారా అని అడిగాడు. తింటున్నామండి అంది. ఎంతదాకా వచ్చిందని అడిగాడు. ఏది అంది. పచ్చడి ఎక్కువ తినాలండి, ఒంటికి మంచిది అన్నాడు. కారం తినని మనిషి ఇలా ఎందుకంటున్నాడా అన్నట్టు ఆమె ఒక్కక్షణం చూసి, సంచి భుజాన వేసుకుంది. జవాబు మాత్రం రాలేదు. చదివి కూడా మాట్లాడటం లేదంటే ఇష్టం లేదనే. ఇక ఆ రేపల్లె మిషనుకే లేబుళ్ళు వెళ్ళిపోతాయి. మనిషి కూడా రాదు. శ్యామ్ జోకులు తగ్గించాడు. శుభలేఖలకొచ్చినవాళ్ళు ఈ అబ్బాయికి ఒంట్లో బాలేదేమో అనుకున్నారు.

నెల మొదట్లో ఉత్తరం వచ్చింది. గోంగూర సంగతి అయ్యాక, కింద పాఠకుల మాట అని ఉంది. బాపట్ల నుంచి జకరయ్య మాస్టారు రాశారట. రాజమ్మగారికి చిన్నప్పుడు చదువు చెప్పినాయన.

'అమ్మాయ్ రూతూ, మీ చర్చి కోతపండుగకి వచ్చినప్పుడు నేను వేలంలో పాడుకున్న సీసా సగానికొచ్చింది. లోపలినుంచి ప్రెస్సు అబ్బాయి ఒకడు నేను నచ్చానా అని అడుగుతున్నాడు. నాకు డెబ్బై దాటాయి. మా ఇంటావిడ ఎదురుగా కూర్చుని ఒకటే నవ్వు. ప్రశ్న దారితప్పి నా దగ్గరికొచ్చిందనుకుంటున్నాను. అచ్చు మాత్రం శుభ్రంగా ఉంది. నా వైపు నుంచి అభ్యంతరం లేదు.'

శ్యామ్‌కి చెవులు వేడెక్కాయి. మొదటి సీసా అమ్మరు. నిజమే, దేవుడికిస్తారు. పంటలో మొదటిది చర్చికి తీసుకెళ్ళి అర్పిస్తే, ఆరాధన అయ్యాక దాన్ని వేలం వేస్తారు. ఈ సంగతి తెలియనివాడా తను? ఏటా వాళ్ళమ్మ తెనాలి చర్చికి గుమ్మడికాయ మోసుకెళ్ళి, పక్కవాళ్ళు పాడుకుంటే ఊరుకోలేక మళ్ళీ తనే పాడుకుని ఇంటికి తెస్తుంది. అంతా చూస్తూ పెరిగి, ప్రేమ సంగతి వచ్చేసరికి తెలివి గుమ్మడికాయంత కూడా పనిచెయ్యలేదు.

తన ప్రశ్నని విజయవాడ నర్సమ్మ, బెంగుళూరు కుర్రాళ్ళు అందరూ చదివేసి ఉంటారు. అతను భయపడుతూ ఉత్తరాన్ని కిందికి జరిపాడు. జకరయ్య మాస్టారికి రూతు రాసిన జవాబు ఉంది.

'మాస్టారూ, మొదటి సీసా దేవుడిది. రెండోది ఇంటిది. ఇలాంటి ప్రశ్నలేమైనా ఉంటే రెండో సీసా మీద వెయ్యాలని ప్రెస్సువారికి మనవి.'

శ్యామ్ ఆ లైను చదివి, బయటికి వచ్చి, చెప్పులు మర్చిపోయి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

మర్నాడు మిషను చాలా త్వరగా నడిచింది. అచ్చు కూడా వెంటనే ఆరింది. రూతు వచ్చేసరికి అదే ప్రశ్నతో కొత్త లేబుల్ బల్ల మీద సిద్ధంగా ఉంది. ఈసారి వెనకవైపే పైకి పెట్టాడు. ఆమె చదివింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ, చదవడానికి అక్కడున్న మాటలకంటే ఎక్కువసేపే పట్టింది.

"రేపల్లెలో నాలుగు రంగుల మిషను..." అని శ్యామ్ మొదలుపెట్టాడు.

"వాళ్ళ అచ్చు చాలా తొందరగా ఆరిపోతుందండి," అంది రూతు. "కూర్చోడానికి ఉండదు."

లేబుల్‌ని సంచిలో పెట్టుకుని, ప్రశ్న కింద కాస్త జాగా ఉందని, జవాబు తను అక్కడ రాస్తానని చెప్పింది. సీసా మాత్రం రేపల్లెలో వాళ్ళింట్లోనే ఉంటుంది. అడిగినవాళ్ళే వచ్చి తిని, ఖాళీ చేసి, చదువుకోవాలి.

"నేను కారం తినలేనండి," అన్నాడు శ్యామ్ నెమ్మదిగా.

"తెలుసండి," అంది రూతు. ఆ అమ్మాయి నవ్వడం అతను చూసింది అప్పుడే.

ఆదివారం ఆరాధన అయ్యాక శ్యామ్ రేపల్లె రైలెక్కాడు. మనకి అచ్చు వేసే బాబని రూతు పరిచయం చేసింది. రాజమ్మగారు అన్నం పెట్టింది. ఆమె భర్త మార్కుగారు, రైసుమిల్లు గుమస్తా, తక్కువ మాట్లాడే మనిషి. రూతు ఎవరి పోలికో శ్యామ్‌కి అర్థమైంది. పచ్చడి కలిపి మొదటి ముద్ద పెట్టుకోగానే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్దకి ముక్కు కూడా కలిసింది. బాగుందా బాబూ అని రాజమ్మగారు అడిగితే తల ఊపాడు. ఆవిడ సంబరపడి మరో చెంచా వేసింది. రూతు తలుపు దగ్గర నిలబడి మంచినీళ్ళ చెంబు వంక చూస్తోంది గానీ ఇవ్వడం లేదు. మార్కుగారే మజ్జిగ గిన్నె ఇటు జరిపాడు.

మళ్ళీ ఆదివారం వెళ్ళాడు. ఆపై ఆదివారమూ వెళ్ళాడు. సీసా సగానికి రాకముందే రాజమ్మగారు వాళ్ళమ్మ ఆరోగ్యం, గుమ్మడికాయ పాట, ప్రెస్సు ఎవరి పేరున ఉంది, అన్నీ అడిగేసింది. అచ్చువేసే అబ్బాయి ప్రతి ఆదివారం రైలెక్కి పచ్చడి కోసం వస్తాడంటే నమ్మేంత అమాయకురాలు కాదావిడ. అయినా పచ్చడి మెచ్చుకుంటుంటే వినడానికి బాగుందని ఊరుకుంది.

ఒక ఆదివారం భోజనాలకి కూర్చోగానే సీసాని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది ఆవిడే, ఎంత మిగిలిందో చూద్దామని. అలాగే ఆగిపోయింది. కళ్ళజోడు తెమ్మంది. సీసాని అటు తిప్పి ఇటు తిప్పి చదివి, భర్త చేతికిచ్చింది. ఆయన చదివి శ్యామ్ ముందు పెట్టాడు.

శ్యామ్ వంగి, గాజులోంచి చూశాడు. తన ప్రశ్న అచ్చులో ఉంది. దాని కింద పెన్నుతో గుండ్రటి అక్షరాలు.

'కారం తినలేనివాళ్ళు ఇంతదాకా వచ్చారంటే, ఇక కాదనడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నచ్చారు.'

శ్యామ్ కళ్ళు తడిసినందుకు ఈసారి నెపం పచ్చడి మీదికి నెట్టడానికి కూడా లేదు, ముద్ద ఇంకా కలపనే లేదు.

"ఈ మాట ఇంత అడుగున రాశావేంటమ్మాయ్, పైనే రాయాల్సింది," అంది రాజమ్మగారు కూతురి వైపు తిరిగి. "పాపం, ఎన్ని ఆదివారాలు ఏడిపించావు ఆ అబ్బాయిని."

రూతు మంచినీళ్ళ చెంబు తెచ్చి శ్యామ్ ముందు పెట్టింది.

మార్కుగారు గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే.

"శుభలేఖలు తెనాలిలోనే వేయిద్దాం. ఆరడానికి ఎంతసేపైనా పట్టనీ."